ముప్పై సెకన్ల వేట

టీవీలో మాటల పోటీయో లెక్కల పోటీయో వస్తుంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "అంత తొందరగా వాళ్లకి ఎలా తడుతుంది?" తెర మీద అక్షరాలు ఇంకా కుదురుకోనే లేదు, అవతల పోటీదారు మీట నొక్కేశాడు. మనం మొదటి రెండక్షరాల దగ్గరే తచ్చాడుతుంటాం.

పెద్దవాళ్లు పుట్టుతెలివి అని సరిపెట్టుకుంటారు. పిల్లలు మాత్రం అక్కడ ఆగరు. "ఇద్దరూ చివరి ప్రశ్న దాకా సమానంగా వచ్చారు కదా, ఇద్దరికీ అంత తెలివి ఉంటే ఒకళ్లే ఎందుకు గెలిచారు?" అంటారు. మొదటి ప్రశ్న కన్నా ఈ రెండోది గట్టిది. గత యాభై ఏళ్లుగా మెదడు మీద పనిచేసే శాస్త్రవేత్తలు దాదాపు ఇదే ప్రశ్నను ప్రయోగశాలల్లో అడుగుతూ వచ్చారు.

దీని గురించి మాట్లాడుకోవడానికి జంషెడ్‌పూర్ మంచి చోటు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, అప్పటి సాక్చి గ్రామంలో, 1912లో ఉక్కు తయారీ మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపుల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం అక్కడికి చేరి స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం ఉంది, కద్మాలో ఆంధ్రా అసోసియేషన్ ఉంది. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలు ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో హిందీ, బళ్లో ఇంగ్లిషు, పక్కింటి నుంచి బెంగాలీయో ఒడియానో వింటూ పెరుగుతారు. మాటలు, లెక్కలు మెదడులో ఎలా సర్దుకుంటాయో తెలుసుకోవాలంటే ఇలాంటి పిల్లలే మనకు మంచి దారి చూపిస్తారు.

టీవీ క్విజ్ ఆ ఊరికి కొత్త కాదు. 2017లో జంషెడ్‌పూర్‌కు చెందిన సామాజిక కార్యకర్త అనామికా మజుందార్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి' తొమ్మిదో సీజన్‌లో కోటి రూపాయలు గెలిచారు. అయితే అది తెలిసినదాన్ని పరీక్షించే పోటీ. జవాబు తెలిసి ఉండాలి, లేదా నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి. మాటల, లెక్కల పోటీలో అడిగేది వేరు. అక్షరాలు మీకు తెలుసు, కూడికలూ గుణకారాలూ తెలుసు, జవాబు కూడా చాలాసార్లు మీకు తెలిసిన మాటే. అయినా రాదు. ఉన్నది ఎందుకు రాదన్నదే ఇక్కడి చిక్కు.

తొమ్మిది అక్షరాలు, ఆరు అంకెలు

ఈ రకం పోటీకి పుట్టిల్లు ఫ్రాన్స్. అర్మాన్ జామో అనే నిర్మాత 1965లో 'అతి పొడుగు మాట' అనే అర్థం వచ్చే పేరుతో దీన్ని మొదలుపెట్టాడు. 1972లో లెక్కలు కూడా చేరి 'అంకెలు, అక్షరాలు' అయింది. 2024 దాకా నడిచింది. దాన్ని చూసి బ్రిటన్‌లో 'కౌంట్‌డౌన్' పుట్టింది. 1982 నవంబరు 2న ఛానల్ ఫోర్ ప్రసారాలు మొదలైనప్పుడు అందులో వచ్చిన మొట్టమొదటి కార్యక్రమం ఇదే. ఇప్పటికీ వస్తోంది.

ఆట తీరు సులువు. తొమ్మిది ఇంగ్లిషు అక్షరాలు ఇస్తారు. ముప్పై సెకన్లలో వాటితో వీలైనంత పొడుగు మాట కట్టాలి. ఎన్నక్షరాల మాటైతే అన్ని పాయింట్లు, తొమ్మిదీ వాడితే పద్దెనిమిది. ఎవరి మాట పొడుగైతే వాళ్లకే పాయింట్లు, సమానమైతే ఇద్దరికీ. లెక్కల వంతులో ఇరవై నాలుగు చీటీల్లోంచి ఆరు తీస్తారు. 25, 50, 75, 100 ఒక్కొక్కటి, ఒకటి నుంచి పది దాకా రెండేసి ఉంటాయి. యంత్రం మూడంకెల సంఖ్య ఒకటి చూపిస్తుంది. చేతిలోని ఆరింటిని కూడుతూ, తీసేస్తూ, గుణిస్తూ, భాగిస్తూ ఆ సంఖ్యను చేరాలి. ఒక్కో చీటీని ఒక్కసారే వాడాలి. సరిగ్గా చేరితే పది పాయింట్లు. ఆఖరున తొమ్మిదక్షరాల చిక్కుముడి ఒకటి ఇస్తారు. దాన్ని ముందు విప్పినవాళ్లకు పది. ఆ ముడి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి మధ్య తేడా పదికి మించకపోతే ఆటంతా దాని మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. తొమ్మిది వేర్వేరు అక్షరాలను 3,62,880 రకాలుగా వరసపెట్టవచ్చు. సెకనుకొక వరస చొప్పున అన్నీ చూడాలంటే నిద్ర లేకుండా నాలుగు రోజుల పైన పడుతుంది. ఉన్నది ముప్పై సెకన్లు. అంటే గెలిచేవాళ్లు ఒక్కో వరసనూ పరీక్షిస్తూ పోవడం లేదని ఇక్కడే తేలిపోయింది. వాళ్ల మెదడు మరేదో చేస్తోంది.

తెలుగులో ఇదే ఆట పెడితే లెక్క మారుతుంది. మన అక్షరంలో హల్లు, అచ్చు, ఒక్కోసారి ఒత్తు కూడా కలిసే ఉంటాయి. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలో గానీ, ఆరుద్ర గళ్ల నుడికట్టులో గానీ ఒక గడిలో పట్టేది గుణింతంతో సహా నిండు అక్షరం. 'ర, గ, ము, న' అని ఇస్తే వరసలు ఇరవై నాలుగే. 'నగరము' అని మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. గడులు తక్కువైనా ఒక్కో గడి మోసే బరువు ఎక్కువ.

మనవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. అష్టావధానంలో 'వ్యస్తాక్షరి' అనే అంశం ఉంది. ఒక వాక్యంలోని అక్షరాలను క్రమం చెడగొట్టి, ఇది ఇన్నో అక్షరం అంటూ ఒక్కొక్కటే మధ్యమధ్యలో అందిస్తారు. అవధాని పద్యాలు చెబుతూ, అప్రస్తుత ప్రసంగానికి బదులిస్తూనే వాటిని మనసులో పేర్చుకుని చివర్లో వాక్యం అప్పజెప్పాలి. కొన్ని అవధానాల్లో తేదీ చెబితే వారం చెప్పే 'వారగణనం' కూడా ఉంటుంది. అక్షరాలూ అంకెలూ ఒకే వేదిక మీద, గడియారంతో పోటీపడుతూ. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనాన్ని కూర్చోబెట్టిన కళ అది. టీవీ రాకముందే తెలుగు జనం ఈ ఉత్కంఠను ఎదురుగా కూర్చుని చూశారు.

వెతకడం కన్నా గుర్తుపట్టడం

మన మనసులో ఒకేసారి పట్టే సంగతులు చాలా కొద్ది. ఇప్పటికిప్పుడు చేతిలో పట్టుకుని వాడుకునే ఈ జ్ఞాపకాన్ని చేతిజ్ఞాపకం అందాం; శాస్త్రవేత్తలు వర్కింగ్ మెమరీ అంటారు. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని పరిమితి ఏడు, ఒకటి రెండు అటూఇటూ అన్నాడు. తర్వాత నెల్సన్ కోవన్ పరిశీలించి, ఏ చిట్కా వాడకుండా చూస్తే నాలుగే అన్నాడు. తొమ్మిది అక్షరాలు అందులో పట్టవు. పట్టాలంటే వాటిని మూటలు కట్టాలి.

మూట కట్టడం ఎంత దూరం పోగలదో ఒక ప్రయోగం చూపించింది. 1980లో ఆండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్, స్టీవ్ ఫలూన్ దాన్ని ప్రకటించారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక మామూలు విద్యార్థికి సెకనుకొకటి చొప్పున అంకెలు చదివి వినిపించేవారు. విన్న వరసలోనే తిరిగి చెప్పాలి. మొదట ఏడు చెప్పగలిగాడు. ఏడాదిన్నర కాలంలో, దాదాపు 230 గంటల సాధన తర్వాత, 79 అంకెలు చెప్పాడు. అతను పరుగు పందేలకు వెళ్లేవాడు. వినిపించిన అంకెలను మూడేసి, నాలుగేసి కలిపి పరుగు పందెంలో నిమిషాలు, సెకన్లుగా మార్చుకున్నాడు. ఇక అసలు సంగతి. అంకెలు ఆపి అక్షరాలు వినిపిస్తే అతని పరిమితి మళ్లీ ఆరుకు పడిపోయింది. పెరిగింది జ్ఞాపకశక్తి కాదు, అంకెల మూటలు. "మా వాడికి జ్ఞాపకశక్తి ఎక్కువ" అని మురిసిపోయే తల్లిదండ్రులూ, "మా అమ్మాయికి తక్కువ" అని దిగులుపడేవాళ్లూ ఈ ప్రయోగం ఒక్కసారి చదవాలని నా కోరిక. ఎంత పడుతుంది అనడిగితే, దేనిలో అని తిరిగి అడగాలి.

మాటల ఆటలోనూ ఇదే జరుగుతుంది. 2003లో లారా నోవిక్, స్టీవెన్ షెర్మన్ అక్షరాల చిక్కుముడుల మీద పరిశోధన ప్రకటించారు. బాగా విప్పేవాళ్లకు జవాబు ఎక్కువసార్లు ఒక్కసారిగా, వెతికినట్టే లేకుండా తడుతుంది. అలవాటు లేనివాళ్లు అక్షరాలను అటూఇటూ జరుపుతూ దగ్గరికి చేరతారు. ఇలా ఒక్కసారిగా తట్టే క్షణాన్ని మార్క్ జంగ్ బీమన్, జాన్ కూనియోస్ 2004లో మెదడు తరంగాల్లో పట్టుకున్నారు. వాళ్లు ఇచ్చింది మూడు మాటలకూ కలిసే నాలుగో మాట కనిపెట్టే పొడుపు. జవాబు తట్టిందని మనిషి చెప్పడానికి కాస్త ముందు కుడి కణత వెనక భాగంలో వేగమైన తరంగాలు ఒక్కసారి ఎగిశాయి. దానికీ ముందు, చూపుకు సంబంధించిన భాగం కాసేపు నెమ్మదించింది. బయటి దృశ్యాన్ని మెదడు కొంచెం తగ్గించుకుంటోందని వాళ్లు దానికి అర్థం చెప్పారు. ఆలోచించేటప్పుడు మనం కళ్లు మూసుకోవడమో, గోడ వైపు చూడటమో గుర్తుందా? అదే పని.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో స్క్రాబుల్ పోటీల్లో ఆడేవాళ్లను మామూలు మనుషులతో పోల్చారు. తెర మీద కనిపించింది మాటా కాదా అని వీలైనంత తొందరగా చెప్పాలి. ఆటగాళ్లు వేగంగా చెప్పారు, ముఖ్యంగా నిలువుగా రాసిన మాటలను. పైగా మాట అర్థం మీద వాళ్లు అంతగా ఆధారపడలేదు. మనం మాటను చదివేది అర్థం కోసం. వాళ్ల కళ్లు ఆకారాన్నే ముందు పడతాయి.

ఇది ఎక్కడిదాకా వెళ్తుందో న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ చూపించాడు. 2015లో ఫ్రెంచి భాష స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచాడు. అతనికి ఫ్రెంచి మాట్లాడటం రాదు. కొన్ని వారాల్లో ఫ్రెంచి మాటల పట్టికను కంఠస్థం చేశాడు. 2024లో స్పానిష్‌లోనూ ఇదే పని చేశాడు. మాటను అర్థంతో పనిలేకుండా అక్షరాల మూటగా మెదడు దాచుకోగలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. నాకు మాత్రం కాస్త బాధగానూ ఉంటుంది. భాషలో తీయనిదంతా ఆ పట్టిక బయటే ఉండిపోయింది కదా అని.

లెక్కల్లో మూటలు ఎలా ఉంటాయి? కౌంట్‌డౌన్ చరిత్రలో చాలామంది గుర్తుచేసుకునే సందర్భం 1997లో జరిగింది. పోటీదారు జేమ్స్ మార్టిన్ చేతిలో 25, 50, 75, 100, 3, 6. చేరాల్సింది 952. అతను చెప్పిన దారి ఇది: వందకు ఆరు కలిపితే 106. మూడుతో గుణిస్తే 318. దాన్ని 75తో గుణిస్తే 23,850. యాభై తీసేస్తే 23,800. ఇరవై ఐదుతో భాగిస్తే 952. ఇరవై మూడు వేల దాకా ఎక్కి సరిగ్గా గడప ముందు దిగాడు. చూసినవాళ్లు నివ్వెరపోయారు.

కాగితం తీసుకుని నిదానంగా చూడండి, అందులో దాగిన అందం బయటపడుతుంది. 318ని మూడుతో గుణిస్తే 954. రెండు తీసేస్తే 952. అంతే లెక్క. కాని చేతిలో ఉన్న ఒక్క మూడూ 318 కట్టడానికి ఖర్చయిపోయింది, రెండు అసలు లేనే లేదు. 75ని 25తో భాగిస్తే మూడు. 50ని 25తో భాగిస్తే రెండు. రెండింటికీ 25 కావాలి, ఉన్నది ఒకటే. అందుకే భాగహారాన్ని ఆఖరుకు నెట్టి ఒకే 25తో రెండు పనులూ చేయించాలి. 75, 50, 25 కలిసి వస్తే అక్కడ మూడూ రెండూ దాగున్నాయని తెలిసినవాడికి ఇది పెద్ద లెక్క కాదు. ఆ మూటను ముందే కట్టి పెట్టుకోనివాడికి ముప్పై సెకన్లు కాదు, ముప్పై నిమిషాలైనా చాలకపోవచ్చు. దీనికి ఇంకో దారీ ఉంది: 103ని ఆరుతో, 75తో గుణించి, యాభైతో భాగించి, ఇరవై ఐదు కలిపి చూడండి.

మీరు లెక్క ఏ భాషలో చేస్తారు?

ఇప్పుడు మళ్లీ కద్మాకు వద్దాం. ఇంట్లో అమ్మతో తెలుగు మాట్లాడే పిల్లను ఏడేళ్లు ఎంత అనడిగితే, మనసులో ముందు వినిపించేది చాలాసార్లు "సాత్ సత్తే ఉన్‌చాస్". లేదంటే ఇంగ్లిషు ఎక్కం. జవాబు మాత్రం తెలుగులో "నలభై తొమ్మిది" అని వస్తుంది. మధ్యలో ఒక తర్జుమా జరిగింది. దానికి ఎంత సమయం పడుతుంది?

1999లో స్టానిస్లాస్ డెహేన్, ఎలిజబెత్ స్పెల్కీ బృందం 'సైన్స్' పత్రికలో ప్రకటించిన ప్రయోగం దీనికి దగ్గరిది. రష్యన్, ఇంగ్లిషు రెండూ వచ్చినవాళ్లకు కొత్త కూడికలను ఒక భాషలో నేర్పారు. తర్వాత రెండు భాషల్లోనూ అడిగారు. సరిగ్గా ఎంత అనడిగితే, నేర్చుకున్న భాషలో కన్నా రెండో భాషలో ఆలస్యమైంది. సుమారుగా ఎంత అనడిగితే ఏ భాషలోనైనా ఒకే వేగం. దీన్నిబట్టి మెదడులో లెక్కకు రెండు దారులున్నాయని వాళ్లు చెప్పారు. కచ్చితమైన లెక్క మాటలతో ముడిపడి ఉంటుంది. ఉజ్జాయింపు లెక్కకు మాటతో పనిలేదు, అది నడినెత్తికి కాస్త వెనక, పరిమాణాలను తూచే భాగంలో జరుగుతుంది. టీవీ పోటీలో ఈ రెండూ కావాలి. 952 అనగానే "తొమ్మిది వందల యాభై చిల్లర, వందకు దగ్గరి దాన్ని తొమ్మిదితో గుణించాలి" అనుకోవడం ఉజ్జాయింపు. అక్కడి నుంచి రెండు తీసేయడం కచ్చితం. బాగా ఆడేవాళ్లు ముందు ఉజ్జాయింపుతో దిక్కు పట్టుకుంటారు.

అంకెల పేర్ల పొడవు కూడా తక్కువ సంగతి కాదు. అలన్ బాడ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1975లో తేల్చిన ప్రకారం, చేతిజ్ఞాపకంలో మనం మాటల రూపంలో నిలుపుకోగలిగేది సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే. 1980లో ఎల్లిస్, హెన్నెల్లీ వేల్స్ దేశంలో పరీక్షించారు. వెల్ష్ భాషలో అంకెలు పలకడానికి ఇంగ్లిషు కన్నా ఎక్కువసేపు పడుతుంది. అదే మనిషి వెల్ష్‌లో తక్కువ అంకెలు, ఇంగ్లిషులో ఎక్కువ అంకెలు గుర్తుపెట్టుకున్నాడు. మనిషి ఒకడే, మెదడు ఒకటే.

మన సంగతి చూడండి. హిందీలో ఏక్ నుంచి నౌ దాకా తొమ్మిది అంకెలూ ఒక్కొక్క ఊపులో పలికేవే. తెలుగులో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది కలిపితే ఇరవై మూడు అక్షరాలు. ఆరు చీటీలు మనసులో తిప్పుకుంటూ ఉండాల్సినప్పుడు ఈ తేడా లెక్కలోకి వస్తుంది. రెండంకెల దగ్గర మాత్రం తూకం తిరగబడుతుంది. తెలుగులో నలభై తెలిస్తే, తొమ్మిది తెలిస్తే, నలభై తొమ్మిది దానంతటదే వస్తుంది. హిందీలో ఉన్‌చాస్ వేరే నేర్చుకోవాలి, పైంసఠ్ వేరే, అఠాసీ వేరే. దాదాపు వంద దాకా ప్రతిదీ బట్టీ పట్టాల్సిందే. బళ్లో చేరిన కొత్తలో హిందీ లెక్కలు తెలుగు పిల్లలను కంగారుపెట్టేది అందుకే. ఒకసారి పట్టుబడితే మాత్రం ఆ పొట్టి పేర్లు బాగా కలిసొస్తాయి. నన్నడిగితే జంషెడ్‌పూర్ పిల్లలకు ఉన్న వరం ఇదే: కట్టే పద్ధతి తెలుగులో అర్థమవుతుంది, పట్టుకునే పద్ధతి హిందీలో దొరుకుతుంది. ఇంట్లో తెలుగులో ఎక్కాలు చెప్పించడం మానేయడం వల్ల లాభమేమీ లేదు.

మాటను పూర్తిగా తప్పించే దారీ ఒకటుంది. చిన్న ఊళ్లలో కూడా ఇప్పుడు పూసల చట్రంతో లెక్క నేర్పే అబాకస్ తరగతులు కనిపిస్తాయి. మైకేల్ ఫ్రాంక్, డేవిడ్ బార్నర్ గుజరాత్‌లో అలా నేర్చుకున్న పిల్లలను పరీక్షించారు. చట్రం లేకుండానే, ఊహలో పూసలు జరుపుతూ ఆ పిల్లలు పెద్ద కూడికలు చేస్తారు. అదే సమయంలో ఏదైనా పైకి పలుకుతూ ఉండమంటే వాళ్ల లెక్క పెద్దగా చెడలేదు. మాటలతో లెక్క చేసేవాళ్లకు అది చాలా కష్టం. ఈ పిల్లల లెక్క మాటల గదిలోంచి బొమ్మల గదిలోకి మారిపోయిందన్నమాట.

తెలుగు నేల నుంచి ఈ విద్యలో పేరు తెచ్చుకున్నది హైదరాబాద్ యువకుడు నీలకంఠ భానుప్రకాశ్. 2020 ఆగస్టులో లండన్ మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్‌లో మనోగణిత ప్రపంచ పోటీలో బంగారు పతకం గెలిచాడు. రెండో స్థానంలో ఉన్నవారికీ అతనికీ 65 పాయింట్ల తేడా. అది హోరాహోరీ కాదు, ఏకపక్షం. హోరాహోరీ అయినప్పుడు ఏం జరుగుతుందో చూడాలంటే చివరి మీట దగ్గరికి వెళ్లాలి.

మీట నొక్కే క్షణం

రెండు కుళాయిల కింద రెండు బిందెలు పెట్టారనుకుందాం. బిందె లోపల ఒక గీత గీసి ఉంది. నీళ్లు గీత తాకగానే "నిండింది" అని అరవాలి. ముందు అరిచినవాళ్లదే గెలుపు. కుళాయిలో ధార ఒకే తీరుగా ఉండదు, ఒక్కోసారి జోరుగా, ఒక్కోసారి సన్నగా వస్తుంది. 1978లో రోజర్ రాట్‌క్లిఫ్ ప్రతిపాదించిన లెక్క ఇంచుమించు ఇదే. నిర్ణయం తీసుకునేటప్పుడు మెదడు ఆధారాలను కొద్దికొద్దిగా పోగుచేస్తుంది. "ఈ అక్షరాలు ఫలానా మాట అవుతాయేమో" అన్న నమ్మకం పెరుగుతూ, మధ్యలో ఒడిదొడుకులు పడుతూ, ఒక గీతను తాకగానే చెయ్యి మీట మీద పడుతుంది.

ధార జోరు సాధన వల్ల వస్తుంది. ముందే కట్టుకున్న మూటలు ఎక్కువుంటే బిందె తొందరగా నిండుతుంది. ఇది రోజుల తరబడి పడిన కష్టం ఫలం, ఆ క్షణంలో మార్చలేం. గీతను ఎక్కడ గీసుకోవాలన్నది మాత్రం ఆ క్షణంలో మన చేతిలో ఉంటుంది. కిందికి గీస్తే తొందరగా అరుస్తారు, కాని తప్పులు పెరుగుతాయి. పైకి గీస్తే తప్పులు తగ్గుతాయి, కాని అవతలివాడు ముందే అరిచేస్తాడు. ఇక ధారలోని ఒడిదొడుకు ఎవరి చేతిలోనూ లేదు. ఇద్దరి ధార జోరూ సమానమై, గీతలు కూడా సమానమైతే, గెలుపును తేల్చేది ఆ ఒడిదొడుకే. పిల్లలడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అదే ఇద్దరిని మర్నాడు కూర్చోబెడితే ఫలితం తారుమారు కావడానికి పూర్తి అవకాశం ఉంది.

కౌంట్‌డౌన్ చివరి చిక్కుముడిలో ఈ గీత ఇద్దరికీ ఒకే చోట ఉండకూడదు. ఒకరికి ఎనిమిది పాయింట్ల ఆధిక్యం ఉందనుకోండి. ముడి ఎవరూ విప్పకపోతే గెలుపు వాళ్లదే. తప్పు చెబితే పాయింట్లు పోవు, కాని మిగిలిన సమయమంతా ప్రత్యర్థికి ఒంటరిగా దొరుకుతుంది. వెనకబడినవాళ్ల పరిస్థితి వేరు. తప్పు చెబితే ఆట అక్కడితో అయిపోయింది. ఆలస్యం చేసినా అయిపోయినట్టే. అందుకే ఆధిక్యంలో ఉన్నవాళ్లకు కాస్త నిదానించే వెసులుబాటు ఉంటుంది, వెనకున్నవాళ్లు నమ్మకం పూర్తిగా కుదరకుండానే సాహసించాల్సి వస్తుంది. ముడి విప్పిన తర్వాత కూడా ఇద్దరూ సమానమైతే ఇంకో ముడి ఇస్తారు, తేలేదాకా.

మన పిల్లలు ఇలాంటి క్షణాలను అమెరికాలోని స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ వేదిక మీద ఎన్నోసార్లు ఎదుర్కొన్నారు. 2016లో తెలుగు కుటుంబానికి చెందిన పదకొండేళ్ల నిహార్ జంగా, జైరామ్ హత్వార్‌తో కలిసి ఉమ్మడి విజేత అయ్యాడు. ఇద్దరినీ విడదీయడానికి పదాలు చాలలేదు. 2019లో ఎనిమిది మంది ఒకేసారి విజేతలయ్యారు, వారిలో రిషిక్ గంధశ్రీ, అభిజయ్ కొడాలి ఉన్నారు. ఆ తర్వాత నిర్వాహకులు నియమం మార్చారు. సమానంగా నిలిస్తే తొంభై సెకన్లలో ఎవరు ఎక్కువ పదాలకు సరైన అక్షరక్రమం చెబితే వాళ్లు గెలిచినట్టు. 2024 మే 30న తెలుగు మూలాలున్న పన్నెండేళ్ల బృహత్ సోమ ఆ తొంభై సెకన్లలో ముప్పై పదాలకు ప్రయత్నించి ఇరవై తొమ్మిది సరిగ్గా చెప్పాడు. ప్రత్యర్థి ఫైజాన్ జాకీ ఇరవై ఐదింటిలో ఇరవై. ఇద్దరూ నిఘంటువును మథించినవాళ్లే. అక్కడ పరీక్షకు వచ్చింది గీతను ఎంత కిందికి దించినా తప్పు రాకుండా ఉండేంత జోరైన ధార ఎవరిదన్నది.

మరుసటి ఏడాది అదే ఫైజాన్ విషయంలో గీత కథ ఇంకా స్పష్టంగా కనిపించింది. 2025 ఫైనల్లో గెలుపు ఒక్క మాట దూరంలో ఉండగా 'కొమెలైనా' అనే మాట వచ్చింది, ఒక మొక్క జాతి పేరు. అర్థం, భాషామూలం అడిగే హక్కు ఉన్నా అడగకుండా గబగబా అక్షరాలు మొదలుపెట్టాడు, తప్పాడు. సమయం ఉంది, గీతను పైకి జరుపుకునే వీలుంది, కాని ఉత్సాహం దాన్ని కిందికి లాగింది. అవతలివాళ్లు ఆ అవకాశాన్ని వాడుకోలేకపోవడంతో అతను మళ్లీ నిలబడ్డాడు. తర్వాత 'ఎక్లెర్సిస్మాఁ' అనే ఫ్రెంచి మాటతో విజేత అయ్యాడు.

ఒత్తిడి గీతతోనే ఆగదు, ధారనూ కదిలిస్తుంది. సియాన్ బైలాక్, థామస్ కార్ 2005లో కాలేజీ విద్యార్థులకు మనసులో చేసే లెక్కలు ఇచ్చారు. మొదట మామూలుగా, తర్వాత డబ్బు, జట్టు, కెమెరా అంటూ ఒత్తిడి పెట్టి. మామూలు వేళ చేతిజ్ఞాపకం ఎక్కువున్నవాళ్లు బాగా చేశారు. ఒత్తిడి పెట్టగానే వాళ్ల ఆధిక్యం కరిగిపోయింది. తక్కువున్నవాళ్ల ఫలితం పెద్దగా మారలేదు. కారణం ఊహించవచ్చు. ఎక్కువున్నవాళ్లు ఆ ఎక్కువ జ్ఞాపకం మీదే ఆధారపడి మెట్టు మెట్టుగా లెక్క చేస్తారు, "తప్పితే ఎలా" అన్న బెంగ ఆ చోటునే ఆక్రమిస్తుంది. రెండోవాళ్లు మొదటి నుంచీ తేలిక దారులు, ఉజ్జాయింపులతో నెట్టుకొస్తారు, బెంగకు తినడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. బళ్లో మొదటి ర్యాంకు పిల్ల వేదికెక్కి తడబడితే ఆమె చదువును అనుమానించే ముందు ఇది తెలిసి ఉండాలి.

దీనికి విరుగుడు ఏమైనా ఉందా? ఖెరార్డో రమీరెజ్, బైలాక్ 2011లో చేసిన ఒక ప్రయోగంలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ బెంగను కాగితం మీద రాసుకున్న విద్యార్థులు, ఊరికే కూర్చున్నవాళ్ల కన్నా మెరుగ్గా రాశారు. రెండో విరుగుడు ఇంకా పాతది: జ్ఞాపకం మోయాల్సిన బరువును మూటలకు అప్పగించడం. 318ని 75తో గుణించి, యాభై తీసి, ఇరవై ఐదుతో భాగించడం మెట్టు మెట్టుగా చేసే పని. కెమెరా ముందు, గంట మోగుతుండగా ఎక్కడైనా జారిపోవచ్చు. 954లోంచి రెండు తీసేయడానికి ఆ భయం లేదు. పోటీకి వెళ్లే పిల్లకు ఇంట్లో ఇవ్వాల్సిన సాధన ఇదే. గడియారం లేకుండా, కాగితం ముందు పెట్టుకుని, వచ్చిన జవాబుకు ఇంకా పొట్టి దారి ఉందేమో చూడమనడం. 25, 50, 75, 100 చీటీలతో మొదలుపెట్టి, ఏ రెండింటిని భాగిస్తే ఏ చిన్న అంకె దొరుకుతుందో పట్టిక రాయించండి. ఆ పట్టికను ఆమె హిందీలో చదువుకున్నా, తెలుగులో చదువుకున్నా పోటీకి వాడబోయే భాషలో మాత్రం కొన్నిసార్లు పైకి చదివించండి.